ఎర్ర బంట్లు

లెక్కలు అబద్ధం చెప్పవంటారు. ఎవరన్నారో గాని, ఆ మహానుభావుడి ఇంట్లో రిటైరైన మేష్టారు ఉండి ఉండడు.

మన లెక్కలమ్మ ఇంట్లో ఉన్నాడు. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో ఎక్కడో ఉంది గాని, ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె లెక్కలమ్మే. ఆరోగ్యశాఖ భవనంలో మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల, బల్ల మీద కంప్యూటరు, మూడు పెన్సిళ్లు, ఎవరూ ముట్టకూడని ఒక రబ్బరు. ఊళ్లో క్షయ ఎంత వేగంగా పాకుతోంది, రోగులు మందు ఎంత బుద్ధిగా వేసుకుంటే అది ఎంత తొందరగా తోక ముడుస్తుంది, ఇదంతా లెక్కగట్టి చెప్పడం ఆమె ఉద్యోగం.

ఆ శుక్రవారం పొద్దున్న వంటింట్లో వదిన ఆమె ముందు టీ గ్లాసు టక్కున పెట్టింది. లెక్కలమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"వదినా, పంచదార మర్చిపోయావు."

"మర్చిపోలేదు. సోమవారం నుంచి మా కౌంటర్ మూయించేస్తున్నావటగా. ఇక తీపి ఎందుకని మానేశాను."

అన్నయ్య గబగబా పేపరు ఎత్తి తల దాచుకున్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో వదినా మరదళ్ల మధ్య దూరకూడదన్న ఒక్క పాఠం మాత్రం ఆయన బాగా నేర్చుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ ఊళ్లో క్షయ మందులిచ్చే కౌంటర్లు రెండు. మార్కెట్ పక్కన పొద్దుటి కౌంటర్. మిల్లు గేటు పక్కన సాయంత్రం కౌంటర్. వదిన నర్సు, సాయంత్రం కౌంటర్ ఆవిడదే. మందు ఆర్నెల్లు వాడాలి, రోజుకు మూడు ఎర్ర మాత్రలు. వారానికోసారి రోగి ఖాళీ అయిన మాత్రల అట్టలు తెచ్చి చూపించి కొత్తవి పట్టుకెళ్తాడు. అట్టలో మాత్రలు మిగిలితే మానేసినట్టు, మిగలకపోతే వేసుకున్నట్టు. పొద్దుటి కౌంటర్లో నూటికి తొంభై ఏడు మాత్రలు వేసుకున్నట్టే తేలింది. వదిన కౌంటర్లో డెబ్భై ఒకటి.

లెక్కలమ్మ ఈ రెండు అంకెలూ తన లెక్కలో పెట్టి చూసింది. డెబ్భై ఒకటితో జబ్బు ఏళ్ల తరబడి ఊళ్లోనే తిష్ట వేస్తుంది. తొంభై ఏడుతో కొన్నేళ్లలో ఊరొదిలి పోతుంది. ఇంకేముంది, రిపోర్టు రాసేసింది. సాయంత్రం కౌంటర్ మూసి, అందర్నీ పొద్దుటి కౌంటర్ కిందికి తెస్తే మంచిదని. డైరెక్టరుగారు సంబరపడిపోయి సోమవారం పదకొండింటికి మీటింగు పెట్టారు.

"నీ మీద కోపంతో రాశానా వదినా? అంకెలు అలా ఉన్నాయి మరి," అంది లెక్కలమ్మ.

"మిల్లు వదిలేది సాయంత్రం ఐదింటికి. పొద్దున్న తొమ్మిదింటికి మీ అటెన్షన్ గారి ముందు లైన్లో నిలబడాలంటే వాళ్లు పని మానుకోవాలి. పని మానరు, మందే మానేస్తారు. నూట ఇరవై మంది అమ్మడూ. వాళ్ల మొహాలు నాకు తెలుసు, నీ కంప్యూటరుకి తెలియవు."

"మరి నీ దగ్గర డెబ్భై ఒకటే ఎందుకుంది?"

వదిన చీర కొంగు నడుముకు దోపుకుంది. "ఎందుకంటే నా దగ్గర డెబ్భై ఒకటే ఉంది కనక!" అని వెళ్లిపోయింది.

ఇది జవాబా? లెక్కలమ్మకి ఒళ్లు మండింది. చేదు టీ మొత్తం తాగి మరీ ఆఫీసుకు వెళ్లింది.

అటెన్షన్ గారంటే పొద్దుటి కౌంటర్ కాంపౌండరు. ఆయన పిలిస్తే రోగులే కాదు, గోడకున్న క్యాలెండరు కూడా నిటారుగా నిలబడుతుందని అందరూ నవ్వుకుంటారు. అట్టలో ఒక్క మాత్ర మిగిలినా దాన్ని పైకెత్తి లైనంతటికీ చూపించి, పావుగంట క్లాసు పీకి, ఆ మనిషిని లైను చివరికి పంపేస్తాడు. అన్నీ ఖాళీ చేసి తెచ్చినవాళ్ల పేర్లు మాత్రం గోడ మీద బోర్డుకెక్కుతాయి. దానికి 'ఈ నెల ఆణిముత్యాలు' అని పేరు. రెండు నెలలుగా మొదటి ముత్యం ఎవరనుకున్నారు? సాక్షాత్తూ లెక్కలమ్మ నాన్నగారు.

ఆయనకు నాలుగు నెలల కింద దగ్గు పట్టుకుంది. పరీక్ష చేయిస్తే క్షయ. ఇంట్లో మిగతావాళ్లకి ఏమీ లేదని తేలింది, ఆయనకు మందు మొదలైంది. కోడలి కౌంటరుకే వెళ్లొచ్చు గాని, కోడలి ముందు చేతులు కట్టుకుని నిలబడి మాత్ర పుచ్చుకోవడమా! ముప్పయ్యేళ్లు పరీక్ష హాళ్లలో కాపీ చిట్టీలు పట్టిన మనిషి. చొక్కా మడతలో దాచినా, చెప్పు కింద దాచినా, నాలిక కింద దాచినా ఆయన కన్ను తప్పేది కాదు. పట్టిన చిట్టీలన్నీ తేదీ వేసి ఒక ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. అటువంటాయనకు అటెన్షన్ గారి కౌంటరే నచ్చింది. "క్రమశిక్షణ అంటే అదీ," అనేవాడు భోజనం దగ్గర, కోడలికి వినబడేట్టు.

శనివారం ఆఫీసు ఒంటిపూట. లెక్కలమ్మ మీటింగుకి ఆఖరి తనిఖీ పెట్టుకుంది. కొత్తగా ఎందరికి జబ్బు సోకిందో చెప్పే కాగితాలు ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చాయి, నెల రోజులు ఆలస్యంగా.

ఆమె లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కాగితం మీద మూడు గడులు గీస్తుంది. మొదటి గడిలో జబ్బు సోకనివాళ్లు. రెండో గడిలో దగ్గుతూ పక్కవాళ్లకి అంటించేవాళ్లు. మూడో గడిలో మందు వాడుతున్నవాళ్లు. గడి నుంచి గడికి బాణాలు. మూడో గడి నుంచి రెండో గడికి వెనక్కి వచ్చే బాణం ఒకటుంది, అదే ఆమెకు గిట్టనిది. మందు మధ్యలో ఎగ్గొట్టినవాళ్లు ఆ దారిన మళ్లీ దగ్గులోకి వస్తారు. ఒక్కో రోగీ సగటున ఒకరికన్నా తక్కువ మందికి అంటిస్తే జబ్బు దానంతటదే చల్లారుతుంది. ఒకరికన్నా ఎక్కువైతే రాజుకుంటుంది. ఏది జరిగేదీ ఆ వెనక బాణం ఎంత లావుగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మార్కెట్ వైపు అది సన్నగా ఉండాలి. తొంభై ఏడు కదా! కిందటేడు ముప్పై ఎనిమిది కొత్త కేసులుంటే ఈ ఏడు ఇరవై నాలుగు దాటకూడదు. ల్యాబ్ కాగితంలో నలభై ఏడున్నాయి.

మిల్లు వైపు యాభై రెండు నుంచి ముప్పై ఆరుకి దిగింది.

లెక్కలమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. కాగితం తిప్పి చూసింది. ల్యాబ్‌కి ఫోన్ చేసి, రెండు వైపుల కాగితాలు గాని తారుమారయ్యాయా అని అడిగింది.

"అమ్మా, మేం కఫం చూసి చెప్తాం, జాతకం చూసి కాదు. తప్పేమీ లేదు," అని అవతలావిడ ఠక్కున పెట్టేసింది.

సరే, మార్కెట్ వైపు ఇళ్లు ఇరుకేమో అని ఆ అంకె పెంచి చూసింది. కిటికీలు తక్కువేమో అని ఇంకోటి మార్చింది. ఊహూ. జనాన్ని ఒకరి మీద ఒకర్ని పేర్చినా నలభై ఏడు రావడం లేదు. చివరికి విసుగొచ్చి లెక్కని తలకిందులు చేసింది. తొంభై ఏడు అని తను చెప్పడం మానేసి, నలభై ఏడు కేసులు రావాలంటే జనం ఎన్ని మాత్రలు వేసుకుని ఉండాలో నువ్వే చెప్పు అని లెక్కనే అడిగింది. తెర మీద లెక్క గీసిన గీత వచ్చి అసలు కేసుల చుక్కల మీద బుద్ధిగా కూర్చుంది. యాభై ఎనిమిది.

సమీకరణానికి మొహమాటం ఉండదు కదా, ఉన్నదున్నట్టు అనేసింది. లెక్కలమ్మ పెన్సిలు కింద పెట్టింది. అట్టలు ఖాళీ అయిన మాట నిజం. అటెన్షన్ గారు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి మరీ చూస్తాడు. కానీ మాత్ర అట్టలోంచి బయటికి రావడం వేరు, నోట్లోకి పోవడం వేరు. ఆ రెంటి మధ్యా ఒక మనిషి ఉంటాడన్న సంగతి ఆమె లెక్కలో లేనే లేదు.

నిజమే అనుకుందాం. మరి ఆ మాత్రలన్నీ ఏమైనట్టు? ఈ ప్రశ్న బుర్రలో వేసుకుని బస్సెక్కి, ఒక స్టాపు ముందే దిగిపోయి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి చేరింది.

వరండాలో నాన్నగారూ, పక్కింటి టైలర్ బాబాయీ చదరంగం ఆడుతున్నారు. టైలర్ బాబాయిదీ అదే జబ్బు, అదే కౌంటరు. బోర్డు మీద రెండో ఆణిముత్యం. మందు కోసం లైన్లో నిలబడి నిలబడి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

"రా అమ్మలూ! బాబాయి మంత్రి పని అయిపోయింది, చూడు," అన్నాడు నాన్నగారు హుషారుగా.

లెక్కలమ్మ చూసింది. మంత్రిని కాదు. నల్ల బంట్ల వరసలో మూడు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, ఆ బంట్లేమిటి?"

"ఏ బంట్లు?"

టైలర్ బాబాయి నోట్లో నువ్వుగింజ నానదు. "నల్లవి మూడు పోయాయి కదమ్మా! మీ నాన్న వాటి చోట ఇవి పెట్టారు. మా తెల్లవి రెండు పోతే నేను చొక్కా గుండీలు పెట్టాను. ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడు," అన్నాడు. అని, నాలిక కరుచుకున్నాడు.

మూడు ఎర్ర మాత్రలు. సరిగ్గా ఒక రోజు మోతాదు.

"అవి కింద పడ్డవి!" అన్నాడు నాన్నగారు గట్టిగా. "కింద పడ్డవాటిని నోట్లో వేసుకోమంటావా?"

"వేసుకోలేదని నేనన్నానా నాన్నా? బంట్లేమిటి అని అడిగానంతే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నాన్నగారి చూపు అదుపు తప్పి ఒక్కసారి చదరంగం పెట్టె మీదికి పోయి వచ్చింది. ముప్పయ్యేళ్లు ఇలాంటి చూపులే కనిపెట్టి పిల్లల్ని పట్టుకున్న మనిషి! ఆయన కూతురు మాత్రం తక్కువ తిందా? పెట్టె లాక్కుని, అడుగునున్న మఖమలు గుడ్డ పైకెత్తింది. ఎర్రగా, బారులు తీరి, ఒక్కటి కూడా విరగకుండా ఉన్నాయి. మూడేసి చొప్పున లెక్కపెట్టింది. ఎనభై ఒకటి. బోర్డు మీద మూడు కలిపితే ఎనభై నాలుగు.

ఇరవై ఎనిమిది రోజులు. రెండు నెలలుగా రోజు విడిచి రోజు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. టైలర్ బాబాయి మెల్లిగా లేచి, "ఒక జాకెట్టుకి హుక్సు కుట్టాలి," అని చెప్పుల్లో కాళ్లు పెట్టబోయాడు.

"కూర్చో బాబాయ్. రెండో ముత్యానివి నువ్వేగా. నీవెక్కడున్నాయి?"

"కుట్టుమిషను సొరుగులో," అన్నాడు నేల చూస్తూ. "బాబిన్ల కింద."

లెక్కలమ్మకి ముందు కోపం రాలేదు. భయమేసింది. అరకొరగా వాడిన మందుకి జబ్బు చావదు, మొండికేస్తుంది. మూడో గడి నుంచి రెండో గడికి వచ్చే ఆ బాణం ఇన్నాళ్లూ ఆమెకు పెన్సిలు గీత. ఇప్పుడు ఆ గీత మీద లుంగీ కట్టుకుని నాన్న కూర్చున్నాడు.

"ఎందుకు నాన్నా?" అంది.

ఆయన చాలాసేపు ఏనుగుని అటూ ఇటూ తిప్పాడు. "రెండు నెలలకే దగ్గు పోయింది. మాత్ర వేసుకున్న రోజు కడుపులో తిప్పేస్తుంది అమ్మలూ, మధ్యాహ్నం దాకా ఏదీ సహించదు. రోజు విడిచి రోజైతే కాస్త సర్దుకుంది."

"ఆ సంగతి కౌంటర్లో చెప్పొచ్చుగా? ఏదో ఒకటి చూసేవాళ్లు కదా."

"చెప్తే? అట్ట పైకెత్తి, 'చదువుకున్న మేష్టారు చేసే పని చూడండి' అని లైనంతా వినబడేట్టు అరుస్తాడు. నా దగ్గర చదువుకున్నవాళ్లే ఆరుగురుంటారు ఆ లైన్లో."

"పోనీ, పారెయ్యకుండా ఇవన్నీ దాచడమెందుకు?"

"మందు పారేస్తామా? తప్పు కాదూ!" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

లెక్కలమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. టైలర్ బాబాయి లేచిన కుర్చీలో ఆయనకెదురుగా కూర్చుంది.

"నాన్నా, నాకొకటి చెప్పు. పరీక్షలో పిల్లలు కాపీ ఎందుకు కొడతారు?"

ఈ ప్రశ్నకి ఆయన దగ్గర ముప్పయ్యేళ్లుగా జవాబు సిద్ధంగా ఉంది. "చదవనివాడు కొట్టడమ్మా. చదవనివాడు తెల్లకాగితం ఇచ్చి ఇంటికి పోతాడు. భయపడ్డవాడు కొడతాడు. ఇంట్లో తంతారనీ, నలుగురిలో పరువు పోతుందనీ..." అంటూ అంటూ ఆగిపోయాడు. ఏనుగు చేతిలోంచి జారి బోర్డు మీద పడింది.

ఆదివారం పొద్దున్న లెక్కలమ్మ వదినకి అంతా చెప్పింది. వదిన అరవలేదు, ఎగతాళి చెయ్యలేదు. తడి చేతులు తుడుచుకుని మామగారి గుమ్మం దగ్గర నిలబడింది.

"మామయ్యగారూ, ఎన్ని రోజులు ఎగ్గొట్టారు?"

"అమ్మలు చెప్పలేదా?"

"మిమ్మల్ని అడుగుతున్నా."

ఆయన చెయ్యి చాపి పేపరు అందుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. వదిన ఇంకేమీ అనకుండా వచ్చేసింది.

"నువ్వు అందర్నీ అలాగే అడుగుతావా?" అంది లెక్కలమ్మ.

"అలాగే. 'వేసుకున్నారా' అంటే ఎవరైనా 'ఆఁ' అంటారు. 'ఎన్ని ఎగ్గొట్టారు' అంటే నవ్వేసి నిజం చెప్తారు. నేను బీపీ మాత్ర మర్చిపోయిన రోజులు ముందు చెప్తాను, తర్వాత వాళ్లు చెప్తారు. కడుపులో తిప్పుతోందంటే డాక్టరమ్మ దగ్గరికి పంపిస్తాను. రాత్రి డ్యూటీ పడిందంటే వేళ మారుస్తాం. మిగిలిన మాత్రలు అట్టతో సహా తెచ్చి చూపిస్తారు. అందుకే డెబ్భై ఒకటి."

"నీ దగ్గర డెబ్భై ఒకటే ఉంది కనక డెబ్భై ఒకటి," అని లెక్కలమ్మ నెమ్మదిగా అంది. శుక్రవారం ఇదే మాట విని ఒళ్లు మండించుకుంది. ఇప్పుడు సిగ్గేసింది. "వదినా, నన్ను ఒక్కటి పీకు."

"తీరిగ్గా పీకుతాను. ముందు రేపటి సంగతి చూడు."

అదే కదా చిక్కు. ఒక్క నాన్న సగటు కాదు. ఒక నాన్న, ఒక టైలర్ బాబాయి పేరు చెప్పి నూట ఇరవై మంది మందు నిలబెట్టలేం. డైరెక్టరుగారికి అంకె కావాలి. లైన్లో నిలబెట్టి అడిగితే ఎవరు చెప్తారు?

"పేర్లు లేకుండా రాయించు." మాట నాన్నగారి గదిలోంచి, పేపరు వెనకనుంచి వచ్చింది. "హాలంతా కాపీ కొడుతోందని అనుమానమొస్తే ఒకణ్ణి పట్టుకుని లాభం లేదు. డబ్బా ఒకటి పెట్టు. మిగిలిన మాత్రలు పొట్లం కట్టి, పైన ఎన్ని వారాలుగా మందు వాడుతున్నారో అంకె వేసి పడెయ్యమను. పేరొద్దు, ప్రశ్నొద్దు."

వదినా మరదళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగే వచ్చి తాళం చెవి చేతిలో పెడితే అంతకన్నా ఏం కావాలి?

కబురు చేరవేయడం టైలర్ బాబాయికి అప్పజెప్పారు. ఆదివారం మధ్యాహ్నానికల్లా మార్కెట్ వైపు ఇళ్లన్నిటికీ తెలిసిపోయింది. ఆయన నోరు జీవితంలో మొదటిసారి ఊరికి పనికొచ్చింది.

సోమవారం తొమ్మిదింటికి పొద్దుటి కౌంటర్ ముందు లైను బారుగా ఉంది. కాంపౌండరు బల్ల పక్కన మూతకి కంత కోసిన బిస్కెట్ డబ్బా పెట్టుకుని లెక్కలమ్మ నిలబడింది.

"ఏమిటమ్మా ఇది? నా దగ్గర అట్టలన్నీ ఖాళీయే," అన్నాడు అటెన్షన్ గారు, బోర్డు వైపు గర్వంగా చూపిస్తూ.

లైను కదలలేదు. అందరి జేబులూ, సంచులూ ఉబ్బెత్తుగానే ఉన్నాయి. కానీ ఎవరికి వారు పైకప్పుకేసి చూస్తున్నారు. ఎవరు ముందు? కబురు అందితే అందింది, అటెన్షన్ గారి ఎదుట చెయ్యి జేబులోకి ఎలా పోతుంది? గోడ మీద గడియారం తొమ్మిదింపావు దాటింది. ఈ డబ్బా ఖాళీగా మీటింగుకి వెళ్తే వదిన కౌంటర్ మూతపడినట్టే.

అప్పుడు లైను మధ్యలోంచి నాన్నగారు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చదరంగం పెట్టె. పొట్లం కట్టలేదు ఆయన. అందరూ చూస్తుండగా డబ్బా మూత తీసి పెట్టె బోర్లించాడు. రేకు డబ్బాలో మాత్రలు పడుతున్న చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు.

"మేష్టారూ! మీరు కూడానా?" అన్నాడు అటెన్షన్ గారు.

"నేనే ముందు," అన్నాడు నాన్నగారు. చెవులు ఎర్రబడ్డాయి గాని గొంతు తొణకలేదు. వెనక్కి తిరిగి లైనుతో అన్నాడు. "ముప్పయ్యేళ్లు మీ జేబులు వెతికాను. ఇవాళ నా జేబు చూపించాను. ఇక మీ ఇష్టం."

లైన్లో ఒక ఆటోడ్రైవరు కిసుక్కున నవ్వాడు. ఒకప్పుడు చెప్పు కింద చిట్టీతో మేష్టారికి దొరికిపోయినవాడు. నవ్వుతూనే వచ్చి తన పొట్లం వేశాడు. తర్వాత టైలర్ బాబాయి. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పొట్లం మీద పొట్లం. పదిన్నరకల్లా డబ్బా మూతపడటం మానేసింది.

అటెన్షన్ గారు స్టూలు మీద కూలబడిపోయాడు. "నేను వాళ్ల మంచికే కదండీ అరిచాను," అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు.

నాన్నగారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నేనూ పిల్లల మంచికే అరిచాను బాబూ, ముప్పయ్యేళ్లు. ట్రంకు పెట్టె నిండింది గాని, కాపీ ఆగలేదు."

పదకొండింటికి మీటింగు. సాయంత్రం కౌంటర్ మూసే ఆర్డరు డైరెక్టరుగారి ముందు సంతకానికి సిద్ధంగా ఉంది. పెన్ను మూత కూడా తీసి ఉంది. లెక్కలమ్మ వెళ్లి ఆ కాగితం మీదే డబ్బా పెట్టింది.

"నా రిపోర్టు తప్పు సార్."

జన్మలో ఆమె నోటి నుంచి ఎవరూ వినని మాట. డైరెక్టరుగారు పెన్ను పక్కన పెట్టారు.

"లెక్క తప్పు కాదు, లెక్కలో నేను పెట్టిన అంకె తప్పు. మార్కెట్ వైపు తొంభై ఏడు కాదు సార్. శనివారం సమీకరణం యాభై ఎనిమిది అంది. ఇవాళ పొట్లాలు విప్పి లెక్కపెడితే అరవై ఒకటి వచ్చింది."

"మరి ఆ తొంభై ఏడేమిటమ్మా?"

"అది భయం కొలత సార్. మందు కొలత కాదు." ఆమె మూడు గడులూ గీసి వెనక బాణం చూపించింది. "ఎగ్గొట్టి చెప్పినవాడు వారంలో మళ్లీ దారిలో పడతాడు. ఎగ్గొట్టి దాచినవాడు మళ్లీ దగ్గు తిరగబెట్టేదాకా మనకు కనబడడు. ఈలోపు ఇంకో ఇద్దరికి అంటిస్తాడు. మిల్లు వైపు ఆ డెబ్భై ఒకటి నిజం. నిజం కాబట్టే అక్కడ జబ్బు తగ్గుతోంది. మూయాల్సింది ఆ కౌంటర్ కాదు సార్, ఆ ఆణిముత్యాల బోర్డు."

డైరెక్టరుగారు డబ్బాలోకి తొంగి చూశారు. ఒక పొట్లం తీసి చూసి మళ్లీ పెట్టేశారు. డబ్బా కిందినుంచి ఆర్డరు లాగి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. అందరూ లేచి వెళ్తుంటే లెక్కలమ్మని ఆపి గొంతు తగ్గించారు. "అమ్మా, నా షుగరు మాత్రలు కూడా ఈ డబ్బాలో వెయ్యొచ్చా? మా ఆవిడకి చెప్పకూడదు."

ఆ రోజు సాయంత్రం వదిన ఇచ్చిన టీలో పంచదార ఎంతుందంటే, చెంచా నిలబడింది. ఇదీ శిక్షేనని లెక్కలమ్మకి తెలుసు. నోరెత్తకుండా తాగింది.

నాన్నగారికి మళ్లీ పరీక్ష చేశారు. అదృష్టం బాగుంది, కఫంలో క్రిములు లేవు. డాక్టరమ్మ మాత్రం వదల్లేదు, మందు ఇంకో రెండు నెలలు పొడిగించింది. మాత్ర వేసుకునే వేళ మార్చి, వికారానికి ఇంకో చిన్న మాత్ర కలిపింది. రెండు రోజుల్లో కడుపులో తిప్పడం తగ్గింది. ఇంత చిన్న పనికి రెండు నెలలు చదరంగం పెట్టెని కాపలా కాశాడు పాపం.

అటెన్షన్ గారు ఒక వారం సాయంత్రాలు వదిన పక్కన కూర్చుని అడగడం నేర్చుకోవాలని ఆర్డరైంది. మొదటి రోజు ఆయన 'ఎన్ని ఎగ్గొట్టారు!' అంటే పోలీసు స్టేషన్లో అడిగినట్టుంది, ఒక పెద్దావిడ చేతులెత్తేసింది. "కాస్త గొంతు తగ్గించండి అన్నయ్యగారూ, నవ్వుతూ అడగండి," అని వదిన. ఆయన నవ్వితే ఇంకా భయమేస్తోందని తమాషా చూడ్డానికొచ్చిన టైలర్ బాబాయి. నాలుగో రోజుకి కాస్త దారికొచ్చాడు.

మరుసటి సోమవారం లెక్కలమ్మ ఆఫీసు నుంచి నేరుగా మిల్లు గేటు దగ్గరికి వెళ్లింది. మిల్లు వదిలారు. నూనె మరకల చొక్కాలతో, టిఫిన్ క్యారియర్లతో లైను. ఆ లైన్లో ఇస్త్రీ చొక్కాతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొద్దుటి కౌంటర్ ఇంటికి దగ్గరే, ఇప్పుడక్కడ అరిచేవాళ్లూ లేరు. అయినా బస్సెక్కి ఇంత దూరం వచ్చాడు.

ఆయన వంతు వచ్చింది. వదిన తలెత్తి చూసింది. ఆవిడ మొహంలో కోడలూ లేదు, కొంటెతనమూ లేదు. అందర్నీ అడిగినట్టే అడిగింది.

"నేను మొన్న గురువారం బీపీ మాత్ర మర్చిపోయా. మీరు ఎన్ని ఎగ్గొట్టారు మామయ్యగారూ?"

నాన్నగారు జేబులోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. అందులో మూడు ఎర్ర మాత్రలు అలాగే మిగిలి ఉన్నాయి.

"ఒక రోజు," అన్నాడు, లైనంతా వినబడేట్టు. "బుధవారం. ఆటలో పడి మర్చిపోయానమ్మా."

"పర్లేదు," అంది వదిన, రాసుకుంటూ. కొత్త అట్ట ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కోడలి చేతినుంచి రెండు చేతులా అందుకున్నాడు.

పెట్టెలో ఎనభై ఒకటి లెక్కపెట్టిన రోజు కూడా లెక్కలమ్మ ఏడవలేదు. ఆ 'ఒక రోజు' అన్న మాట విని మాత్రం మిల్లు గేటు పక్కన, అందరి ముందూ, భోరున ఏడ్చేసింది.